మేనల్లుడికి, కమిటీ కుర్చీలో కూర్చునే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పార్లమెంటులో గ్రామీణాభివృద్ధి శాఖ పనిని పరిశీలించే స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) నిన్ను చైర్మన్‌గా వేశారని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం ఆగడం లేదు పాపం. సర్పంచ్‌గా మొదలై, రెండుసార్లు ఎమ్మెల్యేగా చేసి ఇక్కడిదాకా వచ్చావు. పార్లమెంటు కమిటీల దగ్గరే పాతికేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఒక అలవాటు మానుకోవాలి. ఎమ్మెల్యేగా కలెక్టరుకి ఫోన్ చేస్తే పనయ్యేది. ఇక్కడ నువ్వు ఎవరినీ ఆదేశించలేవు. అధికారులను పిలిపించవచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు, అడగవచ్చు. శాఖ రోజువారీ పాలన జోలికి కమిటీ వెళ్లకూడదని నిబంధనే ఉంది. కాబట్టి నీ నియోజకవర్గం పనులు ఆ బల్ల మీదికి తేకు.

మా రోజుల్లో, రాష్ట్రంలో మంత్రిగా ఒక వెలుగు వెలిగి వచ్చిన చైర్మన్ ఒకాయన ఉండేవారు. మొదటి సమావేశంలోనే శాఖ కార్యదర్శి మీద కేకలేశారు. ఆ అధికారి తల దించుకుని, వివరాలు రాతపూర్వకంగా పంపిస్తామని ఊరుకున్నారు. అవి మాకు అందేసరికి ఆ శాఖ బడ్జెట్ పద్దుల పరిశీలన అయిపోయింది. పల్లెల గురించి అంత తెలిసిన మనిషి ఒక్క జవాబూ రాబట్టలేకపోయారే అని నాకు ఇప్పటికీ బాధే.

నువ్వు మెల్లగా అడుగు. గ్రామ సడక్ యోజన రోడ్లే తీసుకో. ఎన్ని కిలోమీటర్లు వేశారని అడిగితే పెద్ద అంకె చెప్పి వెళ్లిపోతారు. వేసిన రోడ్డును 5 ఏళ్లు అదే కాంట్రాక్టరు చూసుకోవాలి కదా, ఆ నిర్వహణకు రాష్ట్రాలు ఎంత ఇచ్చాయి, ఎంత ఖర్చయింది, గుంతలు పడినచోట ఎవరిమీద చర్య తీసుకున్నారు అని అడుగు. ఈ ప్రశ్న వానాకాలంలో ఆ రోడ్డు మీద బండి నడిపినవాడికే తడుతుంది. ఢిల్లీకి నువ్వు తెచ్చిన ఆస్తి అదే, దాన్ని పోగొట్టుకోకు.

కమిటీలో 31 మంది ఉంటారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. తలుపులు వేసుకుని కూర్చుంటారు, టీవీ కెమెరాలుండవు, పార్టీ విప్ ఉండదు. అందుకే సభలో అరుచుకున్నవాళ్లే అక్కడ ఒకే వాక్యం మీద ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. అసమ్మతి నోట్ రాసే హక్కు సభ్యులకు ఉంది, కానీ ఏకగ్రీవ నివేదికను పక్కన పెట్టడం ఏ శాఖకైనా కష్టం. ప్రతిపక్షం వాళ్లను ముందు మాట్లాడనివ్వు. లోపల విన్నది బయట విలేకరులకు చెప్పకు. ఒక్కసారి చెప్పావా, ఇక నీ ముందు ఎవరూ మనసు విప్పరు.

పెద్ద పదవి చేసినవాళ్లకు ఇది చిన్నపనేమీ కాదు. వాకాడు నుంచి వచ్చి 1990లో ముఖ్యమంత్రి అయిన నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు, 2004లో విశాఖ నుంచి ఎంపీగా గెలిచాక పెట్రోలియం, సహజవాయువు స్థాయీ సంఘానికి చైర్మన్‌గా పనిచేశారు. కేరళలో మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, మంత్రిగానూ చేసిన కె.సి. వేణుగోపాల్ 2024లో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల సంఘం (పీఏసీ) అధ్యక్షుడయ్యారు. ఆ పదవి 1967 నుంచి ప్రతిపక్షానికే ఇస్తున్నారు.

ఇంకొకటి. నివేదిక సభలో పెట్టి ఫొటో దిగగానే చాలామంది మరిచిపోతారు. మీ సిఫార్సుల మీద ఏంచేశారో ప్రభుత్వం 3 నెలల్లో చెప్పాలి. 'పరిశీలనలో ఉంది' అని వస్తే ఒప్పుకోకు, మళ్లీ రాయించు. కమిటీ గడువు ఏడాదే కాబట్టి ఆ తేదీలు నీ డైరీలోనే రాసుకో, సిబ్బంది మీద వదిలేయకు.

మొదటి సమావేశానికి ముందు శాఖకు పంపే ప్రశ్నల జాబితా నీ దగ్గరికి వస్తుంది. సంతకం పెట్టేముందు రెండుసార్లు చదువు. టెన్షన్‌గా ఉంటే రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య