కొడుకు అమెరికాలో, అప్పు నల్లగొండలో: రెండెకరాలు అమ్మాలా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంట్‌ని, వయసు 56. మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేసి, 2025 జులై నుంచి ఓపీటీ (చదువయ్యాక ఏడాది పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాడు. జీతం ఏడాదికి 78 వేల డాలర్లు. నెలకు లక్షన్నర పంపగలనంటున్నాడు. నల్లగొండలో ఉన్న ఇల్లు బ్యాంకుకు తనఖా పెట్టి తీసుకున్న విద్యారుణం మిత్తితో కలిపి 46 లక్షలైంది. వడ్డీ 11 శాతం, గడువు పదేళ్లు, ఈ మార్చి నుంచి ఈఎంఐ మొదలు. బయట ఇంకో 6 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాను. ఇంటి ఖర్చులు పోను నా జీతంలో నెలకు 25 వేలు మిగులుతాయి. హెచ్-1బి ఉద్యోగ వీసాకు లక్ష డాలర్లు కట్టాలట, లాటరీ పద్ధతి కూడా మారిందట. వింటుంటే నిద్ర పట్టడం లేదు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలుంది. ఎకరం 28 లక్షలు పలుకుతుంది. వెంటనే ఇస్తే 22 లక్షల చొప్పున కొంటానని ఒకరు అడుగుతున్నారు. రెండెకరాలు అమ్మి అప్పు తీర్చెయ్యమంటారా? చిన్నమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం, ఆగస్టులో తనూ ఎంఎస్‌కు పోతానంటోంది. మే నెలలో మా తమ్ముడి కూతురి పెండ్లికి అబ్బాయిని రమ్మందామని కూడా ఉంది.

జవాబు: సార్, నమస్తే. ముందు పెండ్లి సంగతి మాట్లాడుకుందాం. మీరు దాన్ని చివర్లో రాశారు గానీ, మీ ఉత్తరంలో వెంటనే తేల్చుకోవాల్సింది అదే. ఈ మే నెలలో అబ్బాయిని రమ్మనకండి.

కారణం ఇదీ. లక్ష డాలర్ల ఉత్తర్వు మీద 2025 సెప్టెంబర్ 19న సంతకం అయింది, 21 నుంచి అమల్లోకి వచ్చింది. అది ముఖ్యంగా అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం కంపెనీలు వేసే కొత్త దరఖాస్తులకు. అక్కడే స్టూడెంట్ వీసా మీద ఉండి, దేశం దాటకుండా హెచ్-1బికి మారేవాళ్లకు ఆ ఫీజు వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ అక్టోబర్‌లో స్పష్టం చేసింది. మీ అబ్బాయి ఈ రెండో రకంలోకి వస్తాడు. అయితే దరఖాస్తు పరిశీలనలో ఉండగా అతను దేశం దాటితే ఆ మినహాయింపు పోతుంది. మార్చి లాటరీలో పేరు వస్తే కంపెనీ ఏప్రిల్ నుంచి జూన్ లోపు దరఖాస్తు వేస్తుంది. పెండ్లి సరిగ్గా ఆ మధ్యలో పడింది. కొత్తగా చేరిన కుర్రాడి కోసం 90 లక్షల రూపాయలు కట్టే కంపెనీ ఎక్కడుంటుంది? పేరు రాకపోయినా, జులైలో ఓపీటీ అయిపోయేలోపు స్టెమ్ పొడిగింపుకు (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులవాళ్లకు ఓపీటీ పెంపు) దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సమయంలోనూ ప్రయాణం మంచిది కాదు. తమ్ముడికి ఇప్పుడే చెప్పేయండి, అర్థం చేసుకుంటాడు.

హెచ్-1బి వచ్చాక కూడా టికెట్ కొనే ముందు ఆలోచించాలి. వీసా ముద్ర కోసం వేరే దేశానికి వెళ్లి త్వరగా చేయించుకునే వీలు 2025 సెప్టెంబర్ నుంచి దాదాపు లేదు, సొంత దేశంలోనే ఇంటర్వ్యూకు కూర్చోవాలి. డిసెంబర్ 15 నుంచి సోషల్ మీడియా ఖాతాల పరిశీలన పెట్టాక ఇక్కడి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. రెండు వారాల సెలవు మీద ఇంటికొచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన పిల్లలున్నారు. వాళ్ల జీతం అక్కడ ఆగిపోతుంది, ఈఎంఐ మాత్రం ఇక్కడ ఆగదు.

ఇక లాటరీ. ఏడాదికి 85 వేల వీసాలన్న లెక్క మారలేదు, ఎంపిక పద్ధతి మారింది. 2026 ఫిబ్రవరి 27 నుంచి జీతం స్థాయిని బట్టి పేరు వేస్తారు. నాలుగో స్థాయి జీతం ఉన్నవాళ్ల పేరు నాలుగుసార్లు, మొదటి స్థాయి వాళ్లది ఒక్కసారే డబ్బాలో పడుతుంది. ఆ స్థాయి చేసే పనిని బట్టి, పనిచేసే ఊరిని బట్టి మారుతుంది. 78 వేల డాలర్లు ఒక ఊళ్లో రెండో స్థాయి అయితే, ఖరీదైన ఇంకో నగరంలో మొదటి స్థాయే అవుతుంది. మీవాడిది ఏ స్థాయో కంపెనీని అడిగి తెలుసుకోమనండి. మొదటి స్థాయి అయితే అవకాశం మునుపటికంటే తగ్గినట్టే.

అయినా గడువు ఉంది. ఏడాది ఓపీటీ, దాని మీద 24 నెలల స్టెమ్ పొడిగింపు. అంటే 2028 జులై దాకా చట్టబద్ధంగా పనిచేసుకోవచ్చు. పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే అక్కడి ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, అదొక్కటి సరిచూసుకోమనండి. ఈలోపు 2026, 2027, 2028 మార్చి నెలల్లో మూడుసార్లు లాటరీ ఉంటుంది. కాబట్టి మీ చేతిలో ఉన్నవి మార్చి నుంచి లెక్కేస్తే 29 నెలల జీతాలు. నేను ఈ 29 నెలలనే నమ్ముతాను. ఆ తర్వాత వీసా వస్తే సంతోషం, కానీ మీ ఇంటి లెక్క దాని మీద నిలబడకూడదు.

నాది పాలమూరు సార్. మా చిన్నప్పుడు నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై బస్సులు పోయేవి. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాకే మనిషి బస్సెక్కేవాడు. అక్కడ పని దొరికినా దొరకకపోయినా అడ్వాన్స్ మాత్రం తీరాల్సిందే. వానొచ్చి పని ఆగిపోయిన ఏడు మా ఇంట్లో ఎట్లా గడిచిందో నాకు గుర్తుంది. ఇవాళ విద్యారుణం మీద అమెరికా పోతున్న పిల్లల్ని చూస్తే ఆ అడ్వాన్సే గుర్తొస్తుంది. అందుకే ఎవరు వచ్చి అడిగినా, పని పోతే ఏమిటన్న ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

మీ అప్పు దగ్గరికొద్దాం. 46 లక్షలకు 11 శాతం మీద పదేళ్లకు ఈఎంఐ సుమారు 63 వేలు. అబ్బాయి పంపే లక్షన్నరలో అది పోను 87 వేలు మిగులుతాయి. మీవి 25 వేలు. ఈ మిగిలినదాన్ని వెంటనే విద్యారుణంలో వెయ్యకండి. ముందు ఆ రెండు రూపాయల మిత్తి అప్పు తీర్చండి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీకి రెట్టింపు దాటింది. నెలకు 12 వేలు మిత్తికే పోతోంది. ఇంట్లో బంగారం ఉంటే, మీ శ్రీమతి ఒప్పుకుంటే, బ్యాంకులో పెట్టి ఆ 6 లక్షలు ఈ నెలలోనే తెచ్చి కట్టేయండి. బ్యాంకులో నూటికి రూపాయి మిత్తి కూడా పడదు. బంగారం పెట్టడం నామోషీ అనుకోకండి. బంగారం లేకపోయినా, మీ ఇద్దరి డబ్బు కలిపి నెలకు లక్ష అసలుకు కడితే ఆరు నెలల్లో ఆ ప్రామిసరీ నోటు చింపేయొచ్చు. చింపే ముందు నోటు మీ చేతికి తీసుకోండి, కట్టిన ప్రతిసారీ దాని వెనక జమ రాయించండి.

తర్వాత మూడు నాలుగు నెలలు ఆ డబ్బును పక్కన పెట్టండి. ఆరు ఈఎంఐలు, అంటే 3 లక్షల 80 వేలు, విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. చిట్టీలో వద్దు. చిట్టీ పాటలో అది మీకే దక్కాలి, ఉద్యోగం పోయిన నెలకు అది రాకపోవచ్చు. ఇది పూర్తయ్యాకే మిగిలినదంతా విద్యారుణం అసలులోకి. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండేది) మీద తీసుకున్న అప్పును ముందే కడితే జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఎవరైనా అడిగితే అది చూపించండి.

ఈ వరసలో వెళ్తే ఏమవుతుందో లెక్క వేశాను. మొదటి ఏడాది ఈఎంఐ మాత్రమే కడతారు కాబట్టి బాకీ 43 లక్షల దగ్గరే ఉంటుంది. చూసి నిరుత్సాహపడకండి, ఆ ఏడాదిలో 6 లక్షల బయటి అప్పు పోయి డిపాజిట్ తయారైంది కదా. తర్వాత నెలనెలా లక్షన్నర మొత్తం అప్పులోకి పోతే 2028 జులై నాటికి బాకీ దాదాపు 23 లక్షలు. అప్పుడు మిగిలిన గడువుకు ఈఎంఐ తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి. రాసివ్వకపోతే వాళ్లు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తారు. ఈఎంఐ 38 వేల లోపుకు వస్తుంది. అబ్బాయి వీసా రాక తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నా, ఆ డిపాజిట్ పది నెలలు లాగుతుంది. అప్పటికి అతనికి మూడేళ్ల అనుభవం ఉంటుంది. తిరిగి రావడం ఓటమి కాదు సార్, ఆ మాట ఇప్పుడే అతని చెవిన వెయ్యండి. ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనని ఉద్యోగం పోయిన సంగతి దాచి, క్రెడిట్ కార్డు మీద గీకి ఇంటికి డబ్బు పంపిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. వాళ్ల నాన్నకు తెలిసేసరికి ఏడు నెలలు గడిచాయి.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, స్టెమ్ పొడిగింపులో ఇంకో 60 కలుస్తాయి. అందుకని అతని దగ్గర కూడా మూడు నెలల ఖర్చు అక్కడే ఉండాలి. అది లేకుండా లక్షన్నర పంపుతుంటే, మొదటి నాలుగు నెలలు లక్షే పంపమనండి. డబ్బు తీసుకుని కాగితం మీద ఉద్యోగం చూపిస్తామనే కన్సల్టెన్సీల జోలికి మాత్రం ఎంత కష్టమొచ్చినా పోవద్దు. అది బయటపడితే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకోవచ్చు. ఇంకొకటి, స్టూడెంట్ వీసా మీద ఉన్నంతకాలం మొదటి ఐదేళ్లు జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల వైద్యం) పన్నులు కోయరు. హెచ్-1బి రాగానే 7.65 శాతం కోత మొదలవుతుంది. మిగిలే డబ్బు ఇప్పుడే ఎక్కువ.

మరి భూమి? నిజాయితీగా చెప్పాలంటే కేవలం లెక్క చూస్తే అమ్మమనే వాదనకు బలముంది. రెండెకరాల మీద వచ్చే కౌలు, 46 లక్షల మీద ఏడాదికి పెరిగే 5 లక్షల మిత్తికి దరిదాపుల్లో ఉండదు. కానీ 22 లక్షలకు అమ్మితే ఎకరానికి 6, రెండింటికీ 12 లక్షలు భయానికి వదిలేస్తున్నట్టు. వచ్చేది 44 లక్షలు, దాంతో అప్పు పూర్తిగా తీరనూ తీరదు. ఇవాళ కొడుకు సంపాదన ఉంది, ఈఎంఐ దాటే స్తోమత ఉంది. అమ్మకండి. కానీ అమ్మడానికి సిద్ధంగా ఉండండి. ఏ ఎకరం ఇస్తారో ఇంట్లో మాట్లాడుకోండి, భూ భారతిలో (ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్) విస్తీర్ణం, పాసుబుక్కులో గుంటలు సరిపోతున్నాయో చూసుకోండి, హద్దులు కొలిపించండి. అబ్బాయి ఉద్యోగం పోయి మూడు నెలలు దాటినా దొరక్కపోతే అప్పుడు ఒక్క ఎకరం, నిదానంగా, సరైన ధరకు. పల్లెలో వ్యవసాయ భూమికి అమ్మకం లాభం మీద పన్ను లేదు. మున్సిపాలిటీ హద్దుకు దగ్గరగా ఉంటే మాత్రం పడొచ్చు. జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల లెక్క ఉంటుంది, మీ పొలం ఎంత దూరమో చూసుకోండి.

అమ్మాయి సంగతి రాయడానికే నాకు కష్టంగా ఉంది. అన్నకు ఇచ్చిన అవకాశం చెల్లెలికి ఇవ్వొద్దని నేను అనను. ఈ ఆగస్టుకు మాత్రం వద్దంటాను. ఇల్లు ఇప్పటికే తనఖాలో ఉంది, మిగిలింది పొలమే. ఇద్దరి భవిష్యత్తూ ఒకే దేశం నిబంధనల మీద పెడితే, ఒక్క ఉత్తర్వుతో ఇద్దరి జీతాలూ ఆగుతాయి, అప్పుడు ఇల్లూ పొలమూ రెండూ పోయే ప్రమాదం. మీ రిటైర్మెంట్ 61కి, ఐదేళ్లే ఉంది. ఆ డబ్బు ముట్టుకోవద్దు. తనను ఒకటి రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చెయ్యమనండి. ఈలోగా జర్మన్ నేర్చుకోవచ్చు. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, ఖర్చుల కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) చూపాలి. విదేశీ చదువుకు మన రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇచ్చే పథకాలున్నాయి. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది కాబట్టి మీ జీతంతో రాకపోవచ్చు, అయినా నల్లగొండ సంక్షేమ శాఖ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. ఈ నిర్ణయం తనకు మీరే కూర్చోబెట్టి అంకెలతో చెప్పండి. ఆడపిల్లవని ఆపుతున్నామని తను అనుకోకూడదు.

డబ్బు పంపే దారి గురించి రెండు మాటలు. 2026 జనవరి 1 నుంచి అమెరికా వేసిన ఒక శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కులతో పంపేదానికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు. అతని పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించి, ఒక ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిపించండి. మొదటిది ఇక్కడి రాబడికి, రెండోది అమెరికా సంపాదన పంపడానికి. ఈఎంఐ అందులోంచే పోతే మంచిది. అబ్బాయి పేరు మీద కోటి రూపాయల టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా తీసుకోండి. తండ్రిగా ఈ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ రుణపత్రం మీద సహ దరఖాస్తుదారుగా మీ సంతకం ఉంది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అతన్ని మూడు అడగండి: జీతం ఏ స్థాయిలో ఉంది, ఈ మార్చిలో కంపెనీ పేరు వేస్తోందా, చేతిలో ఎన్ని నెలల ఖర్చుంది. జవాబులతో పాటు బ్యాంకు ఇచ్చిన రుణ స్టేట్‌మెంట్ కూడా పంపండి. నెలవారీ పట్టిక నేను వేసి పంపుతాను.