అడాప్టర్ మీది చిన్న అక్షరాలు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు అడాప్టర్ల గురించే వచ్చాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను ఒక చిన్న ఆంప్లిఫయర్ కిట్ బిగించుకున్నాను. దానికి 12 వోల్టులు, 1 ఆంపియర్ కావాలని కాగితంలో ఉంది. ఇంట్లో పాత మానిటర్ అడాప్టర్ ఉంది, దాని మీద 12 వోల్టులు, 5 ఆంపియర్లు అని రాసి ఉంది. అది పెడితే 5 ఆంపియర్లూ ఒక్కసారిగా వచ్చి కిట్ కాలిపోతుందని అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాలిపోదు, పెట్టుకోండి. వోల్టేజీని నిర్ణయించేది అడాప్టర్. కరెంటు ఎంత తీసుకోవాలో నిర్ణయించేది మీ ఆంప్లిఫయర్. బావి ఎంత పెద్దదైనా చెంబు ముంచితే చెంబెడు నీళ్లే వస్తాయి. అడాప్టర్ మీది 5 ఆంపియర్లు అనే మాటకు అర్థం ‘అంతవరకు అడిగినా ఇవ్వగలను’ అనే. కాబట్టి వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు కావలసినన్ని గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి.

అయినా మీ అన్నయ్య భయాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కిట్‌లో ఎక్కడైనా టంకం చుక్క జారి షార్ట్ అయిందనుకోండి. 1 ఆంపియర్ అడాప్టర్ త్వరగా చేతులెత్తేస్తుంది. 5 ఆంపియర్లది మాత్రం ఆ షార్ట్‌లోకి 5 ఆంపియర్లూ పోస్తుంది. సన్నటి వైరు ఎర్రబడటానికి, బోర్డు మీది రాగి గీత లేచిపోవడానికి అది చాలు. ప్లస్ వైరులో ఒకటిన్నర ఆంపియర్ ఫ్యూజు వేసుకోండి. అప్పుడు ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది దీనికి తిరగబడిన సందర్భంలో. ఎల్ఈడీ స్ట్రిప్ సంగతి తీసుకోండి. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 12 వోల్టుల 5050 రకం స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు తింటుంది. 5 మీటర్ల చుట్ట మొత్తానికి 72 వాట్లు. 12తో భాగిస్తే 6 ఆంపియర్లు. దానికి 2 ఆంపియర్ల అడాప్టర్ తగిలిస్తే లైట్లు వెలిగి ఆరుతూ ఉంటాయి, లేదా అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. లెక్కలో వచ్చినదానికి పావు వంతు కలుపుకుని కొనడం నా అలవాటు. ఇక్కడైతే ఏడున్నర, అంటే 8 ఆంపియర్లది తీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. ఆర్డ్యునో ఊనో అనే, ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డుతో తలుపు తెరిచే ప్రాజెక్టు చేస్తున్నాను. సర్వో మోటారు కదలగానే బోర్డు మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతోంది. ముందు 9 వోల్టుల చదరపు బ్యాటరీ పెట్టాను. తర్వాత 12 వోల్టుల అడాప్టర్ పెట్టాను. అది పెట్టాక బోర్డు మీద ఒక చిన్న చిప్పు బాగా కాలుతోంది. కోడ్ తప్పా?

జవాబు: కోడ్ తప్పు కాదమ్మా. కరెంటు చాలక బోర్డు సొమ్మసిల్లుతోంది.

మోటారు తిరుగుతున్నప్పటి కన్నా కదలబోయే క్షణంలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది. నీ దగ్గరున్న చిన్న సర్వో కూడా, తలుపు బిగుసుకుని ఆగిపోతే అర ఆంపియర్ దాటగలదు. ఆ చదరపు బ్యాటరీ పొగ కనిపెట్టే అలారంలా కొంచెం కొంచెంగా వాడుకునే వాటికి బాగుంటుంది. మోటారుకు పనికిరాదు. అర ఆంపియర్ అడిగేసరికి దాని వోల్టేజీ కిందికి జారిపోతుంది. బోర్డుకు అందాల్సిన 5 వోల్టులు అందవు. బోర్డు మీది ప్రధాన చిప్పు ఆగి, మళ్లీ మొదలవుతుంది.

ఇక ఆ కాలుతున్న చిప్పు. అది రెగ్యులేటర్, బయటి నుంచి వచ్చిన 12 వోల్టులను 5 చేసేది. మిగిలిన 7 వోల్టులను అది వేడిగా వదిలేస్తుంది, వేరే దారి లేదు దానికి. సర్వో, బోర్డు కలిసి పావు ఆంపియర్ తీసుకుంటే ఏడును పావుతో హెచ్చవేసి చూడు, 1.75 వాట్లు. నీ చిటికెనవేలి గోరు కన్నా చిన్న చిప్పుకు అది చాలా ఎక్కువ. అదే 9 వోల్టుల అడాప్టరైతే సుమారు 1 వాట్ అవుతుంది. ఊనో జాక్‌కి 7 నుంచి 12 వోల్టుల వరకు ఇవ్వవచ్చని తయారీదారులు చెబుతారు. 12 అనేది ఆ పైగట్టు. బోర్డు మీద ఇంకే బరువూ లేనప్పుడు సరే గానీ, సర్వోని కూడా మోయించేటప్పుడు కాదు.

అందుకని ఇలా చెయ్యి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి తీసుకో. దాని ప్లస్ వైరుని సర్వో ఎర్రవైరుకి నేరుగా ఇవ్వు, బోర్డు గుండా తిప్పకు. బోర్డుని యూఎస్‌బీ మీదనే నడుపు. అడాప్టర్ మైనస్‌నీ బోర్డు గ్రౌండ్‌నీ, అంటే బోర్డు మైనస్‌నీ, మాత్రం తప్పకుండా కలుపు. ఈ ఒక్క వైరు మరిచిపోయి సర్వో పిచ్చిగా వణుకుతోందని వచ్చే పిల్లలు నా దగ్గర ఎందరో. సర్వో దగ్గరే ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. దాని పక్కన తెల్ల గీత ఉన్న కాలు మైనస్‌కి.

ఇంకొకటి. వైర్లు పొట్టిగా, లావుగా ఉండనీ. చదరపు మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే సన్న రాగి వైరుతో 2 మీటర్ల దూరం పోయి రావాలంటే 0.34 ఓమ్‌ల అడ్డు వస్తుంది. 1 ఆంపియర్ దగ్గర మూడో వంతు వోల్టు పోతుంది. 12 వోల్టుల్లో అది పోయినా తెలియదు. 5 వోల్టుల్లో తెలుస్తుంది.

తలుపు సరిగ్గా తెరుచుకున్నాక మళ్లీ రాయమ్మా, ఎదురు చూస్తాను.

ప్రశ్న: నా దగ్గర బరువైన పాతకాలపు అడాప్టర్ ఉంది. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంది. మల్టీమీటర్ పెడితే 16.8 చూపిస్తోంది. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదండీ, దాని స్వభావమే అంత. బరువుగా ఉందంటే లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్ ఉంటాయి. వోల్టేజీని పట్టి ఉంచే భాగం చాలావాటిలో ఉండదు. 1 ఆంపియర్ లాగినప్పుడు 12కి దిగేలా వాటిని చేస్తారు. ఏమీ లాగనప్పుడు 16, 17 దాకా చూపిస్తాయి. 12 వోల్టుల 10 వాట్ల కారు బల్బు ఒకటి తగిలించి చూడండి. నా దగ్గరున్న అడాప్టర్‌కి అలా చేస్తే మీటరు 16.8 నుంచి గబగబా దిగి 12.3 దగ్గర నిలబడింది. బల్బు వెలుగుతుండగా చూసిన అంకెనే నమ్మండి.

దీన్ని 12 వోల్టులు మాత్రమే తట్టుకునే బోర్డుకు నేరుగా పెట్టకండి. బక్ కన్వర్టర్ బోర్డు మధ్యలో పెట్టి 5కో 9కో దింపుకుంటే మంచిది. కానీ పారేయకండి కూడా. ఈ రోజుల్లో వచ్చే తేలికపాటి అడాప్టర్లు లోపల క్షణానికి వేల సార్లు కరెంటుని ఆపి, వదులుతూ పని చేస్తాయి. మీడియం వేవ్ రేడియో దగ్గర పెడితే ఆ గోల అంతా స్పీకర్‌లో వినిపిస్తుంది. నేను రేడియో సర్క్యూట్లు చేసేటప్పుడు ఇప్పటికీ ఇలాంటి బరువైనదాన్నే బయటికి తీస్తాను.

వాడే ముందు అవుట్‌పుట్ దగ్గరి గుర్తు చూడండి. ఒక నిండు గీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉంటే డీసీ. అల లాంటి వంపు గీత ఉంటే ఏసీ. ఏసీ ఇచ్చే అడాప్టర్లు కూడా ఉన్నాయి, ప్లగ్గు చూస్తే తేడా ఏమీ కనిపించదు.

ప్రశ్న: ప్లగ్గు సరిగ్గా పట్టి, వోల్టులు కలిస్తే చాలా? ఇంకేమైనా చూడాలా?

జవాబు: ప్లస్ ఎటుందో చూడాలి. దీనికి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది చూడకపోవడం వల్ల నా చేతుల మీదుగా ఒక అబ్బాయి కష్టం బూడిదైంది.

ఆ అబ్బాయి మూడు వారాలు కూర్చుని ఒక ఎఫ్ఎమ్ రేడియో బోర్డు సోల్డర్ చేశాడు. 9 వోల్టులు కావాలి. నా డబ్బాలో 9 వోల్టుల అడాప్టర్ దొరికింది. ప్లగ్గు ఆ జాక్‌కి చేసినట్టే దిగింది. స్విచ్ వేశాను. ‘టిక్’మని చిన్న శబ్దం, వెంటనే చేపల వాసన లాంటిది. కెపాసిటర్ తల ఉబ్బిపోయింది. చిప్పు మీద ఆవగింజంత గుంట. ఆ అబ్బాయి నా వైపు చూడలేదు, బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ అడాప్టర్ గిటార్ పెడల్‌ది. గిటార్ పెడళ్లలో చాలావాటికి ప్లగ్గు లోపలిది మైనస్, బయటి గొట్టం ప్లస్. మన ప్రాజెక్టు బోర్డుల్లో ఎక్కువగా దీనికి తలకిందులు. తర్వాతి రెండు వారాలు నేనూ పక్కన కూర్చుని అతనితో కొత్త బోర్డు చేయించాను.

లేబుల్ మీద ఒక చుక్క, దాని చుట్టూ అరచందమామ లాంటి గీత, రెండు వైపులా ప్లస్, మైనస్ ఉన్న బొమ్మ ఉంటుంది. చుక్క అంటే ప్లగ్గు లోపలి భాగం. ఆ చుక్క ఏ గుర్తుకు కలిసిందో చూడాలి. చూశాక మీటరుతో కూడా సరిచూడండి. ఎర్ర ప్రోబ్ రంధ్రంలోకి, నల్లది బయటి గొట్టానికి. అంకె ముందు మైనస్ గుర్తు రాకపోతే లోపలిది ప్లస్. ప్రోబ్ మొన రెండింటికీ ఒకేసారి తగలకుండా చూసుకోండి. అప్పటి నుంచి నా డబ్బాలో ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి, కొలిచిన వోల్టులు, లోపలి గుర్తు రాసి పెడుతున్నాను.

కొలత కూడా ఉంది. ప్లగ్గు బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1 ఉండవచ్చు, 2.5 ఉండవచ్చు. 2.1 ప్లగ్గు జాక్‌లోని 2.5 పిన్ను మీదికి దిగదు, కాబట్టి ప్రమాదం లేదు. 2.5 ప్లగ్గు 2.1 పిన్ను మీద వదులుగా కూర్చుని, కదిలినప్పుడల్లా కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. తప్పు ఎక్కడుందో తెలియక బోర్డంతా విప్పుతాం.

ప్రశ్న: కొత్త టైప్-సి చార్జర్ మీద 5, 9, 15, 20 వోల్టులు అని ఉంది. వైరు కోసి మీటరు పెడితే సున్నా. చార్జర్ పాడా?

జవాబు: పాడు కాదు. టైప్-సి చార్జర్ అవతల ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోకుండా 5 వోల్టులు కూడా ఇవ్వదు. అవతలి పరికరంలో సీసీ అనే తీగ నుంచి గ్రౌండ్‌కి 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. అది కనిపిస్తేనే 5 వోల్టులు వదులుతుంది. 9, 15, 20 కావాలంటే డిజిటల్‌గా అడగాలి. ఆ అడిగే పనికి ‘పీడీ ట్రిగ్గర్’ అనే చిన్న బోర్డు దొరుకుతుంది. ఎన్ని వోల్టులు కావాలో దాని మీద ముందే పెట్టుకుని, అవుట్‌పుట్‌ని మీటరుతో చూశాకే మీ సర్క్యూట్ తగిలించండి.

కొన్ని చవక బోర్డుల్లో టైప్-సి సాకెట్టు ఉన్నా ఆ 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు వేయరు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో అవి వెలగవు. పాత యూఎస్‌బీ చార్జర్‌కి, అటు చదునైన పెద్ద ప్లగ్గు, ఇటు టైప్-సి ఉన్న కేబుల్‌తో పెడితే వెలుగుతాయి. అలాంటి బోర్డు మీ దగ్గరుంటే ఆ కేబుల్ ఒకటి తెచ్చుకోండి.