స్మార్ట్ పరికరాలు వైఫై నుంచి తరచూ తెగిపోతుంటే

చిరంజీవికి ఆశీస్సులు.

బల్బులు, ప్లగ్గులు, గుమ్మం దగ్గరి కెమెరా తరచూ యాప్‌లో 'ఆఫ్‌లైన్' అని చూపిస్తున్నాయనీ, ప్రతిసారీ రీసెట్ చేసి మొదటినుంచీ కలుపుకోవలసి వస్తోందనీ రాశావు. ముందుగా ఆ రీసెట్ చేయడం మానుకో నాయనా. రీసెట్ చేసిన పరికరం రౌటర్‌తో కొత్తగా కలుస్తుంది కనుక కొంతకాలం బాగానే పనిచేస్తుంది. కానీ అసలు కారణం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, పైగా పరికరం ఏ పరిస్థితిలో తెగిపోయిందో తెలుసుకునే అవకాశం కూడా పోతుంది.

దానికి బదులు, ఏదైనా పరికరం కనబడకుండా పోయినప్పుడు మొదట రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, కలిసి ఉన్న పరికరాల జాబితా చూడు. అందులో ఆ పరికరం పేరు ఉంటే చాలావరకు వైఫై తెగలేదనే అర్థం; ఇంటర్నెట్ ఆగిపోయి ఉండాలి, లేదా ఆ కంపెనీ సర్వర్‌తో సంబంధం పోయి ఉండాలి. అటువంటప్పుడు వైఫై సెట్టింగులను ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు. జాబితాలో లేకపోతేనే కింద చెప్పేవి నీకు పనికివస్తాయి. ఏది, ఏ వేళకు, ఏ గదిలో తెగిపోయిందో వారం రోజులు ఒక కాగితం మీద రాసుకో. అన్నీ ఒకేసారి పోతే రౌటర్‌ను, ఒక గదిలోవే పోతే సిగ్నల్‌ను, ఎప్పుడూ ఒకటే పోతుంటే ఆ పరికరాన్నో దాని కరెంటునో అనుమానించాలి.

నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో ఇబ్బంది మొదలయ్యేది బ్యాండ్ దగ్గరే, అంటే వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి దగ్గరే. ఈ చిన్న పరికరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే తెలుసు. ఈనాటి రౌటర్లు చాలావరకు 2.4కూ 5కూ కలిపి ఒకే పేరు పెట్టి, వచ్చిన పరికరాన్ని 5 వైపు మళ్లించే ప్రయత్నంలో 2.4 మీద వచ్చిన అభ్యర్థనకు వెంటనే జవాబివ్వకుండా కాస్త ఆగుతాయి. ఫోను ఆ సూచన గ్రహించి 5కు మారుతుంది, బల్బుకు మారే దారి లేదు. అందుచేత రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టు. ఇక్కడ ఒక మెలకువ ఉంది: పాత పేరునూ పాస్‌వర్డునూ 2.4కే ఉంచి, కొత్త పేరు 5కు పెట్టు. అప్పుడు బల్బులన్నింటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కలపనక్కరలేదు, ఫోన్లనూ కంప్యూటర్లనూ మార్చుకుంటే సరిపోతుంది. రేపు రౌటర్ మార్చినా ఆ పాత పేరు, పాస్‌వర్డు, భద్రతా పద్ధతి అలాగే కొనసాగించు.

రౌటర్ సెట్టింగుల్లోనే ఛానల్ కూడా ఉంటుంది, అంటే బ్యాండు లోపలి చిన్న భాగం. 'ఆటో' అని వదిలేస్తే కొన్ని రౌటర్లు తమంతట తాము ఛానల్ మార్చుకుంటాయి, ఆ మార్పును అందుకోలేని పరికరాలు వెనకబడిపోతాయి. 2.4 బ్యాండులో పక్కపక్క ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే గాని, ఒక్కొక్క సిగ్నల్ దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. కనుకనే ఒకదానిమీదొకటి పడకుండా ఉండేందుకు 1, 6, 11 ఛానళ్లను వాడతారు. వీటిలో చుట్టుపక్కల రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచి స్థిరపరచు, వెడల్పు 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్ ఉంచు. వైఫైకి తాళం లాంటి భద్రతా పద్ధతి విషయానికి వస్తే, డబ్ల్యూపీఏ2 తరువాతి పద్ధతి అయిన డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో; అంతకుముందు తయారైన పరికరాలు చాలావరకు దాన్ని ఎరుగవు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన పద్ధతిలో కూడా కొన్ని తడబడతాయి. 2.4 బ్యాండుకు 'డబ్ల్యూపీఏ2 ఏఈఎస్' అనే ఎంపిక పెట్టి చూడు. అంతకంటే పాత పద్ధతులకు మాత్రం, ఎంత విసుగు పుట్టినా, దిగవద్దు.

సిగ్నల్ గురించి కొంచెం ఓపికగా చదువు. ఫోనులో వైఫై కొలిచే యాప్ ఒకటి వేసుకుని, హాల్లో కూర్చుని కాకుండా, ఆ పరికరం ఉన్న చోటనే ఫోను పెట్టి చూడాలి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపిస్తుంది, మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం. మైనస్ 50 డీబీఎం దగ్గర ఉంటే చాలా మంచిది, మైనస్ 70 దాటితే అనుమానించాలి, మైనస్ 80 దగ్గర నిలకడ ఆశించలేం. ఫోనులో మూడు గీతలు కనబడుతున్నాయి కదా అని బల్బుకూ అంతే అందుతుందనుకోకు, దాని ఏంటెన్నా చాలా చిన్నది. లోహపు షేడ్ లోపల ఉంటే మరీ కష్టం. పైగా సంబంధం రెండు వైపులదీ: ఎదుటివాడు గట్టిగా అరిస్తే మనకు వినబడుతుంది గాని, మనం మెల్లగా చెప్పిన జవాబు అతనికి చేరదు, అందుకే రౌటర్ శక్తి పెంచినంత మాత్రాన ఫలితం రాదు. రౌటర్‌ను టీవీ వెనకనుంచో ఇనుప బీరువా పక్కనుంచో తీసి, ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక అది నడిచే వేళకే ఏదైనా తెగిపోతుంటే కారణం తెలిసినట్లే. రౌటర్‌కు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు తగిలించి ఉంటే దాన్ని తీసి కూడా చూడు, దానినుంచి వచ్చే రేడియో రొద ఈ 2.4 బ్యాండు మీదే పడుతుంది.

కెమెరా చీకటి పడ్డాకే పోతోందని రాశావు. అది వైఫై దోషం కాకపోవచ్చు. రాత్రిపూట దానిలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ తీసుకుంటాయి, సన్నని పొడవాటి కేబుల్ అయితే చివరికి చేరేసరికి వోల్టేజీ పడిపోయి కెమెరా దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. దానితోపాటు వచ్చిన అడాప్టరునే, పొట్టి కేబుల్‌తో తగిలించి ఒక రాత్రి గమనించు.

ఒకే వ్యవధికి క్రమం తప్పకుండా తెగిపోయేవి ఉంటే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే అంకెల, గడువును అనుమానించు. రౌటర్ చిరునామాను కొంత గడువుకే ఇస్తుంది, దాన్ని పొడిగించుకోవడంలో కొన్ని పరికరాలు విఫలమవుతాయి. రౌటర్‌లోనే ఒక్కొక్క పరికరానికి ఒక చిరునామా కేటాయించి ఉంచితే రెండు పరికరాలకు ఒకే చిరునామా పడే ప్రమాదం కూడా తగ్గుతుంది. పరికరంలోపల మాత్రం సొంతంగా చిరునామా పెట్టకు, రౌటర్ అదే చిరునామాను వేరొకదానికి ఇవ్వవచ్చు.

వీటిలో ఏది చేసినా ఒక్క మార్పు చేసి, రెండు మూడు రోజులు చూసి, ఆ తరువాతే రెండోది ముట్టుకో; అన్నీ ఒక్క పూటలో మార్చేస్తే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో నీకే తెలియదు. రౌటర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే దానిలోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను, తాజా చేయడం కూడా వీటిలో ఒక మార్పుగానే లెక్కించు. ఇవన్నీ అయ్యాక కూడా ఒకే పరికరం మొండికేస్తే దాని ఫర్మ్‌వేర్‌ను కూడా తాజా చేసి చూడు. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వడం మానేసిన పరికరమైతే భద్రత దృష్ట్యా కూడా దాన్ని ఇంటి నెట్‌వర్క్‌లో ఉంచుకోవడం మంచిది కాదు కనుక, ఇంకా సమయం వెచ్చించకుండా మార్చివెయ్యి.

శుభాకాంక్షలతో,
మీ పెదనాన్న