తెలుపు తెల్లగా ఉందో లేదో ముందు చూడు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, టోక్యోలోనే పాత సినిమాలను బ్లూరే డిస్కులుగా తెచ్చే చిన్న సంస్థలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో దిగులే ఎక్కువగా వినిపించింది. అన్నీ నెట్‌ఫ్లిక్స్‌లో చూసే కాలంలో డిస్కులు కొనేవాళ్లు ఎవరున్నారని వాడి బాధ. జపాన్‌లో ఉన్నారురా, డబ్బాతో, పుస్తకంతో సహా కొని అలమరలో దాచుకునేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారని నచ్చజెప్పాను. వాడు నిశ్చింతగా పడుకుని ఉంటాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు మొదటి పనిగా అప్పగించింది ఒక పాత యానిమేషన్ సినిమా అట కదా. దేవతలూ దయ్యాలూ తిరిగే అద్భుత కథ అట. దాని మాస్టర్‌ను, అంటే డిస్కులన్నిటికీ ఆధారమైన మూల ప్రతిని, ఆసాంతం చూసి తప్పులు పట్టడం నీ వంతు అట. మన ఇంట్లో ఇంతమంది పిల్లలు ఉంటే, ఇన్నాళ్లకు ఒక్కరు నా వృత్తి దరిదాపుల్లోకి వచ్చారని ఎంత మురిసిపోయానో చెప్పలేను. లాబ్‌లో టెలిసినీ యంత్రం ముందు కూర్చుని ఫిల్మును వీడియోగా మార్చే పెద్దనాన్నను చూసి, ఈయన రోజంతా చీకట్లో సినిమాలు చూస్తాడు అని మీరంతా నవ్వుకునేవారు. ఇప్పుడు ఆ చీకటి నీకూ వచ్చింది. భయం కూడా అందుకే.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. గదిలో బయటి వెలుతురు పడకూడదు. కలర్ బార్స్ అనే రంగుల పట్టీల పరీక్ష బొమ్మ చూసి మానిటర్ సరిచేయనిదే పని మొదలుపెట్టవద్దు. సినిమాను ఒకసారి ధ్వని లేకుండా చూడు, ఒకసారి బొమ్మ లేకుండా విను. తప్పు కనబడితే టైమ్‌కోడ్‌తో సహా, అంటే ఎన్నో నిమిషం ఎన్నో ఫ్రేమో, రాసుకో, జ్ఞాపకాన్ని నమ్మకు.

దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేర్‌ను అస్సలు నమ్మకు. మనుషులు నటించిన సినిమాలో అది చేసే అల్లరి అంతగా తెలియదు. యానిమేషన్‌లో వాన చినుకులను, నిప్పురవ్వలను, మంచు పలుకులను దుమ్మనుకుని మింగేస్తుంది. పాత్రల చుట్టూ గీసిన సన్నని గీతలను అక్కడక్కడా తెంపేస్తుంది. ఆ గీత ఒక మనిషి చేత్తో గీసింది. చినుకు ఎక్కడ మాయమైందో ఫ్రేము ఫ్రేముగా చూసేవాళ్లే పట్టుకోగలరు.

కోతల సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకీ హయావో తీసిన నౌషికా 1984లో వస్తే, మరుసటి ఏడాది అమెరికాలో ఇరవై నిమిషాలకు పైగా కత్తిరించి, పేరు మార్చి వదిలారు. ఆ దెబ్బ ఆ బృందానికి ఎంతగా గుచ్చుకుందంటే, తర్వాత ఆయనదే ప్రిన్సెస్ మోనోనోకే అమెరికాకు వెళ్లేటప్పుడు నిర్మాత సుజుకీ తోషియో అక్కడి పంపిణీదారుకు ఒక కత్తిని కానుకగా ఇచ్చి, కోతలు వద్దు అని చెప్పాడు. సినిమా కోతలు లేకుండానే ఆడింది. తీరా డీవీడీ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు డబ్బింగ్ తప్ప జపనీస్ మాటలు ఉండవని ప్రకటన వచ్చింది. అభిమానులు ఊరుకోలేదు, విన్నపాలు పంపారు. విడుదల వాయిదా పడి, 2000 డిసెంబరులో రెండు భాషలతో డిస్కు వచ్చింది. కాబట్టి మీ సంస్థ ఇతర దేశాలకు పంపే డిస్కులో అసలు ధ్వని ఉందా, సబ్‌టైటిళ్లను జపనీస్ మాటలను బట్టి రాశారా, డబ్బింగ్ మాటలను చూసి ఎత్తి రాశారా అన్నది నువ్వే అడగాలి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు ఉంటారు. ఉండనీ.

మా కాలంలో వెడల్పాటి సినిమాస్కోప్ తెలుగు సినిమాలను క్యాసెట్లకు ఎక్కించేటప్పుడు బొమ్మ రెండు పక్కలా నరికేసేవాళ్లు. యుగళగీతంలో తెర ఈ చివర ఒక ముక్కు, ఆ చివర ఒక ముక్కు మాట్లాడుకుంటూ ఉండేవి. జనం అద్దె కట్టి మరీ చూశారు, ఒక్కరు నోరెత్తలేదు. జపాన్ ప్రేక్షకులు అలా కాదు. అక్కడికే వస్తున్నాను.

మియాజాకీదే స్పిరిటెడ్ అవే అనే సినిమా జపాన్ థియేటర్లలోకి 2001 జులై 20న వచ్చింది. అప్పటివరకు ఆ దేశంలో ఏ సినిమాకూ రానంత డబ్బు వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2002 జులై 19న, డీవీడీ, వీడియో క్యాసెట్ విడుదలయ్యాయి. మా లాబ్‌లో నాతో పనిచేసిన మిత్రుడి కొడుకు అప్పట్లో టోక్యోలో ఉండేవాడు. సెలవులకు వస్తూ ఆ డిస్కు తెచ్చాడు. పని అయిపోయాక రాత్రి లాబ్‌లో మంచి మానిటర్ మీద పెట్టుకున్నాం. కారు వెనుక సీటులో పూలగుత్తి పట్టుకుని పడుకున్న పిల్ల కనబడింది. బయట ఆకాశం, మబ్బులు. మబ్బు గులాబీరంగులో ఉంది. సాయంకాలమేమో అనుకున్నాను. ఆ పిల్ల పట్టపగలే నడుచుకుంటూ సొరంగం దాటినా రంగు మారలేదు. మానిటర్ పాడైందనుకుని కలర్ బార్స్ పెట్టాం, నిక్షేపంగా ఉన్నాయి. తీగలు పీకి మళ్లీ పెట్టాం. హాకు అనే అబ్బాయి ఇచ్చిన అన్నం ముద్ద తింటూ ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చే చోటికి వచ్చేసరికి నా మిత్రుడు లేచి లైటు వేశాడు. అన్నం తెల్లగా లేదు.

మా ఒక్కరికే కాదు. జపాన్‌లో కొన్నవాళ్లు లెక్కలేనంత మంది ఇదే మాట అన్నారు. థియేటర్లో చూసిన రంగు ఇది కాదు, బొమ్మంతా ఎర్రబారిందని ఫిర్యాదు చేశారు. ఇది లోపం కాదని అమ్మినవాళ్లు వాదించారు. కొందరు కొనుగోలుదారులు క్యోటోలో కోర్టుకెక్కారు. వ్యవహారం 2004లో రాజీతో ముగిసింది. డిస్కు మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. 2014 జులైలో బ్లూరే వచ్చినప్పుడు గానీ జపాన్ డిస్కులో ఆ ఎరుపు పోలేదు. మధ్యలో పన్నెండేళ్లు. ఆ డీవీడీతోనే పెరిగి పెద్దయిన పిల్లలకు ఆ సినిమా అంటే ఎర్ర సినిమాయే.

ఎందుకిలా జరిగి ఉంటుంది? నా లెక్క నేను చెబుతాను, మీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. జపాన్ టీవీలను ఫ్యాక్టరీలోనే నీలం వైపు మొగ్గేలా, దాదాపు 9300 కెల్విన్‌కు పెట్టి అమ్మేవాళ్లు. తెలుపు ఎంత నీలంగా కనబడాలో చెప్పే కొలత అది, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ. మిగతా ప్రపంచం పాటించే ప్రమాణం 6500. ఇంటి టీవీ ఎలాగూ నీలంగా చూపిస్తుంది కదా, ముందే కాస్త ఎరుపు కలిపితే సరిపోతుంది అని ఎవరో తెలివైన మనిషి అనుకుని ఉంటాడు. ఆ తెలివి అంటేనే నాకు భయం. చేతకానివాడు చేసిన తప్పు మొదటి రోజే బయటపడుతుంది. తెలివైనవాడు మేలు చేద్దామని చేసినదానికి కారణాలు, పటాలు, సంతకాలు అన్నీ ఉంటాయి. దాన్ని కదిలించడం మహా కష్టం.

ఆ సినిమాకు రంగులు ఎంచింది యసుదా మిచియో అనే ఆవిడ. మియాజాకీతో తోయే అనే యానిమేషన్ సంస్థలో ఉన్న రోజుల నుంచి కలిసి పనిచేసిన మనిషి. ఏ పాత్రకు పగలు ఏ రంగు, దీపం వెలుగులో ఏ రంగు, నీడలో ఏ రంగు అని విడివిడిగా నిర్ణయించేది. 2016లో పోయింది. ఆవిడ తెలుపు ఎంచిన చోట మనం గులాబీ ఎవరమమ్మా పూయడానికి? నీ సినిమాకూ అలాంటి మనిషి ఒకరు ఉండి ఉంటారు. బతికి ఉంటే వెళ్లి కలువు, మాస్టర్ చూపించు. లేకపోతే రంగుల పటాలు, సెల్స్ అనే పారదర్శక రేకుల మీద వేసిన బొమ్మలు, అప్పటి థియేటర్ ప్రింటు, ఏవి మిగిలితే అవి తెప్పించి పక్కన పెట్టుకో. ప్రింటు పాతబడితే అదీ ఎర్రబారుతుంది. ఆ ఎరుపును అసలు రంగనుకుని మోసపోకు.

ఇక నిన్ను తిట్టాలి. నీకు చిన్నప్పటి నుంచి ఎదురు చెప్పడం రాదు. నాన్నమ్మ ఉప్పు వేయడం మరచిన చారును కూడా బాగుందని రెండు గ్లాసులు తాగిన దానివి. ఆవిడ మనసు నొప్పించకూడదని తాగావు, నాకు తెలుసు. అదే మంచితనం ఆ గదిలో పనికిరాదు. పైగా అక్కడ పెద్దవాళ్ల ముందు చిన్నవాళ్లు మాట్లాడటం తక్కువ అంటారు. నోటితో చెప్పలేకపోతే రాసి ఇవ్వు. ఫలానా నిమిషం, ఫలానా ఫ్రేము, మబ్బు తెల్లగా లేదు. అంతే. వివరణలు వద్దు, క్షమాపణలు అసలే వద్దు. కాదంటే కాదననీ, నీ కాగితం ఫైలులో ఉంటుంది. విడుదలయ్యాక కొన్నవాళ్లు ఉత్తరాలు రాస్తే చదవకుండా పక్కన పడేయవద్దని కూడా మీ వాళ్లకు చెప్పు. డబ్బు పెట్టి కొని, రంగు తేడా పట్టి, కూర్చుని ఉత్తరం రాసే మనిషికి ఆ సినిమా మీద నీకున్నంత ప్రేమా ఉంటుంది.

రాత్రంతా కూర్చోవద్దు. అలసిన కన్ను దేనికైనా అలవాటు పడిపోతుంది, ఎర్రటి బొమ్మ పావుగంట చూస్తే మామూలుగానే ఉన్నట్టు కనబడుతుంది. గంటకోసారి బయటికి వచ్చి ఏ చెట్టునో చూడు. అన్నం మానేసి దుకాణంలో దొరికే ముద్దలతో సరిపెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది, ఆ సినిమాలో పిల్లలా కన్నీళ్లొక్కటే తక్కువ. ఆవకాయ పంపిస్తున్నాం.

డిస్కు వచ్చాక పోస్టులో పంపకు. ఏ డిస్కు ఏ దేశాల్లో ఆడాలో రీజియన్ అని ఒక గుర్తు ఉంటుంది. అక్కడి డీవీడీ రీజియన్ 2, మనది 5. బ్లూరేకు అక్కడ ఏ, ఇక్కడ సీ. మా ప్లేయర్‌లో పెడితే ఆడదని తెర మీద రాసి చూపిస్తుంది, అంతకు మించి ఏమీ చూపించదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడి ప్లేయర్ ఒకటి కూడా పెట్టెలో పెట్టుకుని రా. అది 100 వోల్టులది, తిన్నగా మన ప్లగ్గులో పెట్టేవు, కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నేను చూసుకుంటాను.

ఉంటాను తల్లీ,
పెదనాన్న