మందులు వాడినా మంట, స్రావం తిరగబెడితే

మందులతో తగ్గిన మూత్రపు మంట, స్రావం నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాయని, మీ భార్యకు మాత్రం ఏ బాధా లేదని రాశారు. ఆమెకు చికిత్స జరగకపోవడమే దీనికి కారణమై ఉండవచ్చు. ఇలాంటి మంట, స్రావం కలిగించే గనోరియా, క్లమీడియా అనే లైంగిక వ్యాధులు స్త్రీలలో తరచుగా ఏ లక్షణమూ చూపకుండానే ఫెలోపియన్ నాళాలను (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టాలను) దెబ్బతీసి సంతానలేమికి దారితీయగలవు కాబట్టి, ఆమెకు బాధ లేదని మీరు రాసినది వ్యాధి లేదనడానికి రుజువు కాదు. భాగస్వామికి కూడా చికిత్స చేయించడం, ఎక్కువమంది వదిలేసేది ఇదే.

1. ఇద్దరూ కలిసి ప్రభుత్వ ఆసుపత్రిలో లైంగిక వ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌కు వెళ్లండి. అక్కడ చికిత్స ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

2. ఇద్దరి చికిత్స ముగిసి 7 రోజులు గడిచి, లక్షణాలు పూర్తిగా తగ్గేవరకు కలయిక వద్దు.

3. పాత చీటీతో మందులు కొనకండి. గనోరియాపై సిప్రోఫ్లాక్సాసిన్ వంటి పాత యాంటీబయాటిక్ మందులు ఇప్పుడు పెద్దగా పనిచేయడం లేదు.

4. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి.