వస్తుందన్న పరిహారం మీద అప్పు తేవద్దు

ప్రశ్న: మాది కృష్ణా డెల్టా. సొంతం రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు వరి పడిపోయింది. పరిహారం అయిదెకరాలకూ వస్తుంది కదా అని దాళ్వా (రబీ వరి) పెట్టుబడికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు నోటు రాసి తెచ్చాను. తీరా సొంత రెండెకరాలకే డబ్బు పడింది. మిగతాది వచ్చేలోగా ఇంకో లక్ష తేవాలా, ఇంట్లో బంగారం అమ్మాలా?

జవాబు: ఇంకో లక్ష తేవద్దు. బంగారం అమ్మనూ వద్దు. మీ ఉత్తరానికే ముందు జవాబు రాయడానికి కారణం ఉంది. ప్రతి తుపాను తర్వాతా ఎంతోమంది రైతులు చేసే తప్పే మీరూ చేశారు. ఇంకా చేతికి రాని సర్కారు డబ్బును ఆదాయంగా లెక్కేసుకున్నారు.

మనం పరిహారం అంటాం గానీ, దాని అసలు పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంట విలువ కాదు, పెట్టుబడిలో కొంత భాగం మాత్రమే అది. విపత్తు సాయానికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరాకు 7 వేలు కూడా లేదు. మీ అయిదెకరాలకూ వచ్చినా 34 వేలే. మీ నోటు మీద వడ్డీ నెలకు 6,000, ఆరు నెలలకు 36,000. వచ్చేదంతా ఆరు నెలల వడ్డీకే చాలదు! రాష్ట్రం పైన కొంత కలిపినా 2 లక్షల దరిదాపులకు రాదు. ఈ లెక్క నోటు మీద సంతకం పెట్టకముందు వేయాల్సింది.

ముందు ఆ నోటు వదిలించుకోండి. అమ్ముదామనుకున్న బంగారాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి షావుకారుకు కట్టేయండి. బ్యాంకు రూపాయి వడ్డీ వేసినా నెలకు 2,000తో పోతుంది, 4 వేలు మిగులుతాయి. బ్యాంకులో పంట రుణం కూడా ఉంటే, తుపాను నష్టం కింద గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు సంగతి. మీ దగ్గర ఆపద నిధి ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలు. రైతుకు అది సరిపోదు, ఎందుకంటే పంట పోతే ఆదాయంతో పాటు మళ్లీ విత్తడానికి పెట్టుబడీ పోతుంది. కాబట్టి ఒక పంట పెట్టుబడి, దానిపైన నాలుగు నెలల ఇంటి ఖర్చు మీ లక్ష్యం. ఇదంతా ఒక్క ఏడాదిలో కూడదని తెలుసు. నెలకు మిగిలే ఆ 4 వేలతో మొదలుపెట్టండి. దాళ్వా ధాన్యం డబ్బు పడిన రోజే పదో వంతు వేరే ఖాతాలోకి మార్చండి. ఎరువుల కొట్టు బాకీ, పెళ్లిళ్లు, పండగలు అన్నీ ఆ తర్వాతే. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. పడిన రెండెకరాల డబ్బులోనూ కనీసం సగం అందులో వేయండి. వడ్డీ నడుస్తుంటే పొదుపేమిటని మీకు అనిపించవచ్చు. కానీ రేపు ఇంట్లో ఒకరికి జ్వరం ముదిరితే మీరు మళ్లీ ఆ షావుకారు గుమ్మం ముందే నిలబడతారు. నా భయమల్లా అదే.

పంటల బీమా తప్పనిసరిగా చేయించండి. ఖరీఫ్ ఆహార పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు.

కౌలు పొలం డబ్బు సంగతి రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. ఈ-క్రాప్‌లో, అంటే ఎవరు ఏ పంట వేశారో రాసే సర్కారు నమోదులో, ఆ మూడెకరాలు ఎవరి పేరున ఎక్కాయో ముందు చూడండి. యజమాని పేరున ఎక్కి ఉంటే డబ్బు ఆయన ఖాతాకే వెళ్లి ఉండవచ్చు. ఆయనతో మాట్లాడి, వచ్చే సార్వాకు (ఖరీఫ్ వరికి) ఊడ్పులకు ముందే, కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం మీద సంతకం చేయించుకోండి. అది పదకొండు నెలలకే చెల్లుతుంది, కాబట్టి ఏటా అడగాలి.