మీ ప్రశ్న – మా జవాబు: ఫ్యాక్టరీ కత్తా, చెప్పి చేయించుకున్న కత్తా?

ప్రశ్న: ఆన్‌లైన్లో వంట కత్తులు చూస్తే ప్రొడక్షన్, సెమీ ప్రొడక్షన్, కస్టమ్ అని మూడు రకాలు కనబడుతున్నయి. ఒకదానికీ ఇంకోదానికీ రేటు ఎన్నో రెట్ల తేడా. మాది పెళ్లిళ్ల క్యాటరింగు. ఉల్లిగడ్డలు కోసే కత్తికి అంత పెట్టాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఉల్లిగడ్డల కోసమైతే అక్కర్లేదు. పనివాళ్లు రోజుకొకరు మారే క్యాటరింగుకు ప్రొడక్షన్ కత్తే సరి.

కత్తి తయారీలో ముఖ్యమైన పనులు ఆరు: నమూనా గీయడం, ఉక్కు రేకును ఆ ఆకారానికి కత్తిరించడం, వెన్ను నుంచి అంచు దాకా వాలు తీయడం, కాల్చి గట్టిపరచడం, పిడి బిగించడం, చివరగా పదును పెట్టడం. ఏ పని ఎవరు చేశారో అడిగితే కత్తి ఏ రకమో తేలిపోతుంది.

ప్రొడక్షన్‌లో ఆరూ ఫ్యాక్టరీవే. వేల ముక్కలు ఒకే కొలతతో వస్తాయి, గట్టిదనంలో కూడా పెద్దగా తేడా ఉండదు. అయితే ఆ కత్తి ఎవరి చేతికి పోతుందో ఫ్యాక్టరీకి తెలియదు. ఒకరు దాంతో డబ్బా మూత లేపుతారు, ఇంకొకరు ఎముక మీద కొడతారు. అందుకే ఉక్కును కొంచెం మెత్తగా, అంచును కొంచెం మందంగా ఉంచుతారు. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ వంట కత్తులు రాక్‌వెల్ కొలతలో (ఉక్కు గట్టిదనం చెప్పే అంకె, ఎక్కువైతే ఎక్కువ గట్టి) 55–56 దగ్గర ఉంటాయి. త్వరగా మొద్దుబారుతాయి గానీ పెచ్చులు లేవవు, రాయి మీద రెండు నిమిషాల్లో మళ్లీ పదునుకొస్తాయి. మీకు కావలసింది అదే.

సెమీ ప్రొడక్షన్‌లో నమూనా ఒక పనివాడిది. కత్తిరింపు, రంధ్రాలు, గట్టిపరచడం లాంటివి యంత్రాల మీద బ్యాచులుగా జరుగుతాయి. వాలు తీయడం, పిడి కూర్చడం, పదును పెట్టడం మాత్రం అతని చేతి మీదో, అతని కళ్లముందో జరుగుతాయి. దక్షిణాఫ్రికాలో ఒక్కొక్క కత్తీ చేతితో చేసిన క్రిస్ రీవ్, అమెరికాలోని బాయిసీలో పెట్టిన కంపెనీని ఈ పద్ధతికి ఉదాహరణగా చెబుతారు. కాకపోతే సెమీ ప్రొడక్షన్ అని రాసుకోవడానికి ఏ నిబంధనా లేదు. తయారైన బ్లేడు తెప్పించి, టేకు పిడి అంటించి అదే పేరుతో అమ్మేవాళ్లున్నారు. వాలు ఎవరు తీశారు, ఉక్కు రకం ఏది, రాక్‌వెల్ అంకె ఎంత అని అడగండి. మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఎక్కువ డబ్బు పెట్టకండి.

చేతితో చేసిన ప్రతిదీ కస్టమ్ కాదు. పనివాడు తనకు నచ్చినట్టు చేసి అమ్మకానికి పెడితే అది చేతి కత్తి మాత్రమే. మీ అరచేతి వెడల్పు, కోసే వస్తువు, కోసే బల్ల, మీది ఎడమచేతి వాటమా అన్నవి అడిగి చేస్తేనే కస్టమ్.

ప్రశ్న: మా ఊరి కమ్మరితో లారీ కమాన్ పట్టీ ఇచ్చి రెండు కత్తులు చేయించిన. ఒకటి బాగుంది. రెండోది మేక ఎముక తగిలి పెచ్చు లేచింది. ఒక్క చెయ్యే కదా, ఇట్లెందుకైంది? అసలు ఇది కస్టమ్ కత్తేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కమ్మరి మీ చెయ్యి, మీ పని అడిగి దానికి తగ్గట్టు చేసి ఉంటే కస్టమే, లేకపోతే చేతి కత్తి మాత్రమే. తేడా కొలిమి దగ్గర వచ్చి ఉంటుంది.

మొదట పట్టీని చూడాలి. ఏళ్లకేళ్లు బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని చీలికలుంటాయి, సుత్తె దెబ్బకు అవి మూసుకుపోవు. యూబోల్టు బిగించిన చోటును, నడుమ రంధ్రం ఉన్న చోటును వదిలేసి మిగతాదే వాడమనండి. కొత్త పట్టీ దొరికితే ఇంకా మేలు.

తర్వాత వేడి. ఎర్రదనం చూసి అంచనా కట్టడం మన కమ్మరుల అలవాటు. ఎండలో ఎరుపు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది, దాంతో ఇంకా కాలుస్తారు. అతిగా కాలితే ఉక్కు లోపలి రేణువులు పెద్దవవుతాయి. విరిగిన పెచ్చు చోట చూడండి. చక్కెర పలుకుల్లా మెరుస్తుంటే అతిగా కాలినట్టే. బూడిద రంగులో నున్నగా ఉంటే వేడి సరిపోయింది, లోపం ఇంకెక్కడో ఉంది.

ఈసారి నీడలో చేయించండి, ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటదు. కమాన్ పట్టీకి ఇంకొంచెం పైకి, 820–840 దాకా పోవాలి. సుత్తె పని అయ్యాక మూడుసార్లు, ఒక్కోసారి కొద్దిగా తక్కువ వేడితో, కాల్చి గాలిలో చల్లారనిస్తే పెరిగిన రేణువులు మళ్లీ చిన్నవవుతాయి. అంచును అప్పటికి ఒక మిల్లీమీటరు మందం ఉంచాలి. ముందే పలుచన చేస్తే వంకరపోతుంది. ముంచడానికి నాలుగైదు లీటర్ల పల్లీనూనె 50–60 డిగ్రీలకు వేడిచేసి, కత్తిని నిలువునా దింపాలి. ఈ ఉక్కును నీళ్లలో ముంచితే చిట్లే ప్రమాదం ఎక్కువ. తర్వాత ఆకురాయి రుద్దితే జారిపోవాలి. దిగబడితే కత్తి గట్టిపడలేదు.

చాలామంది ఇక్కడికే ఆపేస్తారు. మీ రెండో కత్తికి జరిగింది బహుశా ఇదే. నూనెలోంచి తీసిన కత్తి గాజులా పెళుసు. అదే పూట ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు ఉంచాలి. ఎముకలు కొట్టే కత్తికైతే 230. ఇంటి ఓవెన్ డయల్‌ను నమ్మొద్దు, లోపల వేరే థర్మామీటరు పెట్టండి. చివర గ్రైండర్ మీద నూరేటప్పుడు అంచు నీలం రంగుకు తిరిగితే అక్కడ వేడి దాదాపు 300 దాటిందని అర్థం, ఆ మేర గట్టిదనం పోయింది. పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, వేలికి చురుక్కుమనగానే ముంచుతుండాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా కూరగాయల కత్తితో ఎముక కొడితే పెచ్చు లేస్తుంది. ఎముకకు పదును వెనకాల కనీసం ఒక మిల్లీమీటరు మందం, పక్కకు 25 డిగ్రీల వాలు కావాలి. కూరగాయలకు 0.3 మిల్లీమీటర్లు, 15 డిగ్రీలు చాలు.

ప్రశ్న: యాభై వంట కత్తులు సెమీ ప్రొడక్షన్ పద్ధతిలో చేయించి అమ్మాలనుకుంటున్న. ఎక్కడ మొదలుపెట్టాలె?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: ఉక్కు దగ్గర. స్టీలు సామాన్ల షాపులో దొరికే 304 స్టెయిన్‌లెస్ రేకుతో చేయకండి. అందులో కార్బన్ చాలా తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. గట్టిపడే స్టెయిన్‌లెస్ రకాలకు వేయి డిగ్రీలకు పైగా, అదుపులో ఉండే ఫర్నేసు కావాలి. అది ఊరి కొలిమి పని కాదు. గట్టిపడే రకంలోనే 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల రేకును టెస్ట్ సర్టిఫికెట్‌తో కొనండి. లేజర్ కటింగ్‌కు, జాబ్‌వర్క్ మీద హీట్ ట్రీట్‌మెంట్‌కు (కాల్చి గట్టిపరచడానికి) హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు వెతకండి. పిడి రంధ్రాలు గట్టిపరచడానికి ముందే పూర్తికావాలి, తర్వాత మామూలు డ్రిల్ బిట్ దిగదు. లేజర్ తగిలిన అంచు కూడా కాలి ఉంటుంది, అర మిల్లీమీటరు నూరి తీసేయండి.

యాభై ఒకేసారి వద్దు. ఐదు చేయించి, రాక్‌వెల్ అంకె రాయించుకుని, నెలరోజులు ఏదైనా హోటల్ వంటింట్లో వాడించండి. పిడికి పచ్చి కర్ర వాడితే మన ఎండలకు అది కుంచించుకుపోయి రివెట్ తలలు అరచేతికి గుచ్చుకుంటాయి. బాగా ఆరిన టేకో జిట్రేగో తీసుకోండి.

ప్రశ్న: పెద్ద మాంసం కత్తి చేయించుకుంటే లైసెన్సు కావాల్నా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఆయుధ నిబంధనలు బ్లేడు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తుల గురించి మాట్లాడతాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, శాస్త్రీయ అవసరాలకు చేసినవాటికి అందులోనే మినహాయింపు ఉంది. బిల్లు మీద ‘మాంసం కోసే కత్తి’ అని రాయించుకోండి. బస్సులో తెచ్చేటప్పుడు అట్టలో చుట్టి, తాడు కట్టి సంచి అడుగున పెట్టండి.